నలభై ఎనిమిది నిమిషాల దూరం

చిన్న చిన్న ఊళ్ళ విమానాశ్రయాల మధ్య దూరాల గురించి మనవాడికి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఈ మాట ఎవరో పొగిడి అన్నది కాదు, మనవాడే అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. క్షౌరశాలలో, కూరగాయల కొట్టు దగ్గర, పిల్లల బడి గేటు ముందు, నలుగురు చేరిన చోటల్లా తనే చెప్పుకున్నాడు. ఏవైనా రెండు ఊళ్ళ పేర్లు చెప్పండి, మధ్యన ఎన్ని కిలోమీటర్లో, విమానంలో ఎన్ని నిమిషాలో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. కళ్ళు తెరుచుకుని విమానం ఎక్కింది మాత్రం నలభై రెండేళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా లేదు.

ఆయనగారి ఉద్యోగమే అది. టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో నాలుగు బల్లలు, సరిగా మూతపడని ఓ కిటికీ, రోజంతా రబ్బరు వాసన. ఆ గదిలోంచి ఒక ప్రయాణ సమాచారపు వెబ్‌సైటు నడుస్తుంది. ఈ ఊరి విమానాశ్రయం నుంచి ఆ ఊరి విమానాశ్రయానికి దూరమెంత, ఎంతసేపు పడుతుంది అని జనం వెతుకుతారట. అందుకని ఒక్కో జత ఊళ్ళకి ఒక్కో పేజీ రాయాలి. మనవాడు రోజుకి ముప్ఫై రాస్తాడు. మ్యాపు మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి గీత గీస్తే కిలోమీటర్లు వస్తాయి. గంటకి ఎనిమిది వందల చొప్పున భాగిస్తే నిమిషాలు వస్తాయి. దాని మీద ఇంకో అరగంట కలపాలి. ఈ అరగంట మాత్రం మనవాడి సొంత తెలివి. ఎందుకు కలిపావని మేనేజరు అడిగితే, "ఎక్కాలి, దిగాలి కదండీ" అన్నాడు. మేనేజరు మురిసిపోయి ఆ ఏడాది ఆఫీసులో చక్రాలున్న తిరుగుడు కుర్చీ ఇప్పించాడు.

ఆ రెండు ఊళ్ళ మధ్య అసలు విమానం తిరుగుతుందా లేదా అని చూడడం మాత్రం ఆ ఆఫీసులో ఎవరి పనీ కాదు. అది వేరే విభాగం చూసుకుంటుందని అందరూ అనుకునేవాళ్ళు. వేరే విభాగం అంటూ ఆ ఆఫీసుకి లేదు.

అక్క సంగతి వేరు. మనవాడికంటే ఆరేళ్ళు పెద్దది. రెండు వందల నలభై కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో, బస్టాండులో, ఇరవై ఆరేళ్ళుగా మైకు ముందు కూర్చుంటోంది. ఫలానా ఊరికి పోయే బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని చెప్పే గొంతు ఆవిడదే. ఆ గదికి ఓ అద్దాల కిటికీ ఉంది. బస్సు వచ్చేస్తోందని డ్రైవరు ఫోన్ చేసినా, డిపో నుంచి కాగితం వచ్చినా అక్క నోరు విప్పదు. బస్సు కిటికీలోంచి కంటపడాలి, నంబరు ప్లేటు చదవాలి, అప్పుడే మైకు నొక్కుతుంది. ఆలస్యమైతే ఎంత ఆలస్యమో నిమిషాలతో సహా చెబుతుంది. ఏ ప్రకటనైనా రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి వినేవాళ్ళ కోసమట, రెండోసారి ఉలిక్కిపడి 'ఏంటీ, ఏమన్నారూ' అనేవాళ్ళ కోసమట.

చిన్నప్పుడు అమ్మ ఫ్యాక్టరీకి పోతే తమ్ముణ్ణి లేపడం, స్నానానికి తరమడం, బడికి పంపడం అక్క పని. వీడు పక్కలోంచి 'ఇదిగో వస్తున్నా' అనేవాడు. ఆటలోంచి అదే మాట, స్నానాల గదిలోంచి అదే మాట. వచ్చే పాపాన మాత్రం పోలేదు. విసిగి విసిగి ఆవిడ వాడికి 'ఇదిగోవస్తున్నా' అనే పేరు ఖాయం చేసింది. ఇప్పటికీ ఫోన్లో "ఏరా ఇదిగోవస్తున్నా, బాగున్నావా?" అనే మొదలుపెడుతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మనవాడు సరదాగా రాసిన మొదటి పేజీ తన ఊరికీ అక్క ఊరికీ మధ్య దూరం. రెండు వందల నలభై కిలోమీటర్లు. అంటే పద్దెనిమిది నిమిషాలు, పైన అరగంట. నలభై ఎనిమిది నిమిషాలు. ఆ అంకె వచ్చినప్పుడు చంకలు గుద్దుకున్నాడు. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి బస్సులో అయితే పదకొండు గంటలు, నడుం విరిగిపోతుంది. ఇకపై ఆ బాధ లేదనుకున్నాడు.

బాధ లేకుండానే పోయింది, ఎందుకంటే అసలు వెళ్ళడమే మానేశాడు. అక్క ఎప్పుడొస్తావురా అంటే, "ఎంతక్కా, నలభై ఎనిమిది నిమిషాలు. అనుకుంటే మధ్యాహ్నానికి నీ ముందుంటా" అనేవాడు. ఎప్పుడంటే అప్పుడు పోగలిగే చోటికి ఇవాళే ఎందుకు పోవాలి? రెండు రోజుల ప్రయాణమైతే సెలవు పెట్టేవాడు, సంచి సర్దేవాడు. నలభై ఎనిమిది నిమిషాలకి సంచి కూడా అక్కర్లేదు. అలా మూడేళ్ళ రెండు నెలలు గడిచాయి. అదే మాట వందసార్లు అనేసరికి ఆ అంకె తను లెక్కగట్టినదన్న సంగతి కూడా మనవాడి బుర్రలోంచి జారిపోయింది. ఎక్కడో పైనుంచి ప్రభుత్వం వాళ్ళు కొలిచి పంపినట్టు, గట్టిగా నమ్మేశాడు. మనలో చాలామందిమి అంతే గాని, మనవాడు మరీ ఎక్కువ.

ఆ మధ్య అక్క గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, ఎండన్నారు. నాలుగు నెలలైనా తగ్గలేదు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమో అర్థం కాక జనం కిటికీ దగ్గరికొచ్చి అడగడం మొదలుపెట్టారు. చూపిస్తే గొంతు లోపల చిన్న కాయలాంటిది పెరిగిందని, కోసి తీసేయాలని డాక్టరు తేల్చాడు. ప్రాణానికేం భయం లేదన్నాడు. గొంతు మాత్రం పాతదే రావచ్చు, మారిపోవచ్చు, గుసగుసగా మిగిలిపోవచ్చు, పది రోజులు పూర్తిగా మౌనంగా ఉన్నాక గాని చెప్పలేనన్నాడు. ఈ కబురంతా బావ ఫోన్లో చెప్పాడు. చెప్పాక అక్క ఫోను లాక్కుంది.

"గురువారం మధ్యాహ్నం రెండింటికి లోపలికి తీసుకెళతార్రా. ఆలోపు నువ్వు నా ఎదురుగా ఉండాలి. నీకు చెప్పాల్సింది ఒకటుంది." ఆ గొంతు గరుకు కాగితం రాసినట్టుంది.

"ఇప్పుడే చెప్పక్కా, వింటున్నాగా."

"ఫోన్లో మూడేళ్ళు మాట్లాడాను, చాలు. ఇది ఎదురుగా చెప్పాల్సింది, ఈ గొంతుతోనే చెప్పాల్సింది. ఆ తర్వాత ఏ గొంతు మిగులుతుందో."

 మనవాడి నోరు ఊరుకుంటుందా? అలవాటైన మాటే వచ్చింది. "నలభై ఎనిమిది నిమిషాలే కదక్కా. గురువారం పదకొండుకల్లా నీ మంచం పక్కన ఉంటా."

 "కంటపడితే నమ్ముతా" అని అక్క ఫోను పెట్టేసింది.

బుధవారం పొద్దున్నే బయలుదేరమని మనవాడి భార్య చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆసుపత్రి పనంటే ముందురోజే ఉండాలంది. మనవాడు నవ్వాడు. ఆ సాయంత్రం టికెట్ల సైటు తెరిస్తే, నేరుగా పోయే విమానమేదీ కనబడలేదు. పెద్ద ఊరికి పోయి అక్కడ ఇంకోటి మారమంటోంది. వీళ్ళ మాయలు తనకి తెలియనివా, ఎక్కువ టికెట్లు అమ్ముకోవడానికి చుట్టు తిప్పుతున్నారని కొట్టిపారేసి, పొద్దున్నే కౌంటరు దగ్గరే కొనుక్కుంటానన్నాడు. మన పేజీలో స్పష్టంగా ఉంది కదా అని ఆవిడకి ఫోను తిప్పి చూపించాడు.

"అది రాసింది మీరే కదా?" అంది ఆవిడ.

"అవును. అందుకేగా నా ధైర్యం."

"అందుకే నా భయం" అని ఆవిడ దీపం ఆర్పేసింది.

గురువారం పొద్దున ఐదూ నలభైకి మనవాడు ఇల్లు కదిలాడు. కొత్త చొక్కా, చేతిలో చిన్న సంచి. విమానాశ్రయంలో అడుగుపెట్టేటప్పుడు సొంత ఆఫీసుకి తనిఖీకి వచ్చిన అధికారిలా చుట్టూ చూశాడు. పెద్ద హాలేం కాదు. రెండు కౌంటర్లు, ఒక బరువు తూచే యంత్రం, గోడ వారగా ఇనుప కుర్చీల వరస. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఊరి పేరు చెప్పి, తొమ్మిదింటి లోపు ఏది ఉంటే అది ఇవ్వమన్నాడు, కిటికీ పక్కనైతే మరీ మంచిదన్నాడు.

ఆ అమ్మాయి, ఆ ఊరికి ఇక్కడి నుంచి విమానం లేదండి అంది. ఈరోజు లేదా అని అడిగాడు. ఎప్పుడూ లేదండి, నేను చేరి ఆరేళ్ళయింది అంది. మనవాడు జాలిగా నవ్వి, కొత్తగా చేరినవాళ్ళకి నేర్పినట్టు ఫోన్లో తన పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని చదవను కూడా లేదు. రంగు చూసే గుర్తుపట్టింది. పక్క కౌంటరు వైపు తిరిగి, "ఇదిగో, మళ్ళీ ఆ పేజీ వచ్చింది" అని చెప్పింది. నెలకి ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారట. పోయిన నెల ఎవరో ముసలి దంపతులు ఇదే పేజీని కాగితం మీద అచ్చు వేయించుకుని వచ్చారట. లేదంటే నమ్మలేదట. నలభై ఎనిమిది నిమిషాలే కదమ్మా, ఎక్కడో అక్కడి నుంచి ఒకటి రాకపోదు అంటూ ఆ ఇనుప కుర్చీల్లో మధ్యాహ్నం దాకా కూర్చుని, తర్వాత ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారట.

"ఎవరు రాస్తారో గాని సార్, ఒక్కసారి దొరికితే ఈ కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ అతనితోనే జవాబు చెప్పిస్తాను" అంది.

"అవునండి. బొత్తిగా బాధ్యత లేని మనుషులు" అన్నాడు మనవాడు. అనేశాక తన నోరు తనకే అసహ్యమనిపించింది. నిజం చెప్పేంత ధైర్యం ఆ పూట లేదు. కుక్కిన పేనులా పెద్ద ఊరికి టికెట్టు, అక్కడి నుంచి అక్క ఊరికి ఇంకో టికెట్టు తీసుకుని ఆ ముసలివాళ్ళు కూర్చున్న కుర్చీల్లోనే కూర్చున్నాడు. తొమ్మిదీ నలభైకి మొదటి విమానం, పదకొండూ ముప్ఫై అయిదుకి రెండోది. అన్నీ సరిగ్గా కుదిరితే ఒంటిగంటకి అక్క దగ్గర ఉంటాడు. ఇంకా గంట మిగులుతుంది. గంట చాలు అనుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్నాకే అతనికి ఆ మొదటి రోజు గుర్తొచ్చింది. మ్యాపు మీద గీత, భాగహారం, పైన అరగంట. మొత్తం తన చేత్తోనే చేశాడు. మూడేళ్ళుగా ఊరందరినీ నమ్మించిన మాటకి ఒక్క సాక్షి కూడా లేడు, తను తప్ప. ఒరేయ్ వెధవా, విమానం ఉందో లేదో చూశావుట్రా అని తనని తనే ప్రశ్నించుకున్నాడు. జవాబు తెలిసిందే కాబట్టి చెప్పుకోలేదు.

విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. పక్క సీటు పెద్దమనిషి పెట్టి, మీరేం చేస్తుంటారని మర్యాదకి అడిగాడు. మనవాడి నాలుక ఊరుకోదు కదా, విమానాల రంగంలో అండీ అన్నాడు. పెద్దమనిషి ఆ బెల్టు వంక, మనవాడి వంక చూసి పేపరు తెరుచుకున్నాడు.

పెద్ద ఊరు కింద కనబడుతూనే ఉంది గాని విమానం దిగలేదు. దిగడానికి వరసలో ఉన్నామని, ఇంకాస్త సమయం పడుతుందని పైలట్ చెప్పాడు. ఒక చుట్టు తిరిగారు, రెండో చుట్టు, మూడో చుట్టు. అదే వంతెన మూడుసార్లు కనబడింది. తన లెక్కలో దిగడానికి పదిహేను నిమిషాలు ఇచ్చాడు మనవాడు, ఎంతో ఉదారంగా. ఆ పదిహేనూ అయిపోయాయి, ఇంకో ఇరవై అయిదు కూడా అయిపోయాయి. దిగాక బస్సెక్కించారు. ఆ బస్సు నిండేదాకా కదల్లేదు. పాతిక వేల పేజీలు రాసిన మనిషికి విమానం దిగాక బస్సుంటుందని అప్పుడే తెలిసింది. సంచి చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ పోయేసరికి గేటు మూసేశారు. అద్దంలోంచి విమానం కనబడుతోంది, ఇంకా కదలను కూడా లేదు. మా అక్కకి ఆపరేషనండీ, ఒక్క నిమిషం అని బతిమాలాడు. ఆ గేటు మనిషి పాపం మంచివాడే, కానీ మూసిన తలుపు తెరిచే అధికారం తనకి లేదన్నాడు. తర్వాతి విమానం సాయంత్రం నాలుగూ పదికి.

బావకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావురా?" అన్నాడు బావ. మనవాడు 'ఇదిగో' అనబోయాడు. అంతలోనే బావ, "ఆగు. ఉన్న కాస్త గొంతూ దాచుకుంటోంది మీ అక్క, చేత్తో ఏదో రాసి చూపిస్తోంది. ఉన్న చోటు చెప్పమంటోంది, ఉండబోయే చోటు కాదట" అన్నాడు.

"పెద్ద ఊళ్ళో ఉన్నా బావా. విమానం తప్పిపోయింది. మా ఊరి నుంచి మీ ఊరికి అసలు విమానమే లేదు, ఎప్పుడూ లేదు. రెండింటికి రాలేను. సాయంత్రం ఆరు దాటుతుంది." మూడేళ్ళలో ఆ ఇంటికి మనవాడు చెప్పిన మొదటి నిజం అదే.

బావ ఆ మాటలన్నీ అక్కకి చెబుతుంటే అతనికి వినపడుతూనే ఉంది.  డాక్టరుని రేపటికి మార్చమని అడగలేమా అంటే, అడిగాను, రేపు కుదరదన్నారు, మళ్ళీ నెల ఆగాలట, అన్నాళ్ళు ఆగకూడదట అన్నాడు బావ. పోనీ ఒక్కసారి ఫోన్ ఇవ్వమని అడిగాడు.

"ఇస్తే వద్దంది. ఎదురుగానే అంది కదా" అన్నాడు బావ. మళ్ళీ తనే, "గోడ వైపు తిరిగి పడుకుంది" అన్నాడు.

రెండు గంటలు కొట్టేటప్పటికి మనవాడు గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. పైన స్పీకర్లలో ఎవరో అమ్మాయి గొంతు విమానాల పేర్లు చదువుతోంది. యంత్రం గొంతది, ఎక్కడా ఊపిరి తీసుకోదు. దాని కిటికీ ఏదో, అది దేన్ని చూసి చదువుతోందో. అక్కని ఇప్పుడు లోపలికి తీసుకెళుతుంటారు అనుకున్నాడు. ఏం చెప్పాలనుకుందో ఏమో, ఇక ఆ గొంతుతో వినేది లేదు. పట్టపగలు, వందమంది మధ్యన, కొత్త చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చాడు.

ఏడుపు ఆగాక ఫోన్లో ఆఫీసు పేజీ తెరిచాడు. దిద్దే పాస్‌వర్డు తన దగ్గర ఉంది కదా, నలభై ఎనిమిది కొట్టేసి, ఈ రెండు ఊళ్ళ మధ్య విమానం లేదు, ముందురోజే బయలుదేరండి అని రాశాడు. పావుగంటలో మేనేజరు ఫోన్ చేశాడు. అలా రాస్తే పేజీ ఎవడు చూస్తాడయ్యా, జనానికి అంకె కావాలి, వెంటనే పాతది పెట్టెయ్యి అన్నాడు. "ఇదిగో పెడుతున్నా సార్" అని మనవాడు ఫోను ఆపేశాడు. ఆ మాట ఒక్కసారైనా మంచి పనికి వచ్చింది.

అక్క ఊరి విమానాశ్రయం అక్క ఊళ్ళో లేదు. ఊరికి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఉంది. ఇది కూడా పేజీలో రాయలేదు. టాక్సీ పట్టుకుని వచ్చి ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఆరూ ఇరవై. పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఒక్క బస్సెక్కి కూర్చున్నా ఇంతకంటే ముందు వచ్చేవాడు.

వార్డు బయట బెంచీ మీద బావ ఉన్నాడు. ఆపరేషన్ బాగా జరిగిందని, గొంతు సంగతి పది రోజుల తర్వాతే తెలుస్తుందని చెప్పాడు. "మాట్లాడకూడదు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు, ఏడవకూడదు. నువ్వు ఏదీ చేయించకు" అని చెప్పి లోపలికి పంపాడు.

ఆరు మంచాల వార్డు. అక్కది కిటికీ పక్కన. తల కింద రెండు దిండ్లు, మంచం పట్టెకి దారంతో కట్టిన పెన్సిలు, ఒళ్ళో చిన్న నోటు పుస్తకం. మనిషి కాస్త చిక్కింది. గుమ్మంలో తమ్ముణ్ణి చూడగానే నవ్వలేదు, కోపంగానూ చూడలేదు. పై నుంచి కింది దాకా నిదానంగా చూసింది. బస్టాండు కిటికీలోంచి నంబరు ప్లేటు చదివేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది. చూసి, వచ్చినవాడు వాడేనని తేల్చుకుని పెన్సిలు అందుకుంది.

అక్కా అని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, పుస్తకం చేతికిచ్చింది. మనవాడు లోలోపల చదువుకోబోయాడు. మంచం పట్టె మీద పెన్సిలుతో టకటకా కొట్టింది. తన గొంతు చూపించి, తల అడ్డంగా ఊపి, వాడి నోటి వైపు వేలు చూపించింది. పైకి చదవాలట. పక్క మంచం ముసలావిడ, ఆవిడ కూతురు, ఎదురు మంచాలవాళ్ళు అందరూ ఇటే చూస్తున్నారు. చిన్నప్పుడు స్నానానికి పొమ్మన్నప్పటి చూపు అక్క కళ్ళల్లో కనబడింది. చదవక తప్పలేదు.

"ప్రయాణికులకు గమనిక" అని మొదలుపెట్టాడు. "మూడు సంవత్సరాల రెండు నెలల క్రితం బయలుదేరుతున్నానని చెప్పిన తమ్ముడు, దారి పొడవునా నలభై ఎనిమిది నిమిషాలే అని చెబుతూ, ఇప్పుడే ఆరో నంబరు మంచం వద్దకు చేరుకున్నాడు."

వార్డంతా నవ్వింది. ముసలావిడ కూతురైతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మనవాడికీ నవ్వొచ్చింది, తన మీద తనకే. ఆ నవ్వుతోనే కింది వరసలోకి వెళ్ళాడు.

"ఇతని కోసం ఎదురుచూసిన గొంతు మధ్యాహ్నం రెండు గంటల వరకు చూసి వెళ్ళిపోయింది."

ముసలావిడ కూతురు కొంగు దించేసింది. మనవాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. ఎత్తడానికి మొహం చెల్లలేదు. కాసేపటికి ఎలాగో కూడదీసుకుని అడిగాడు.

"నాకేం చెప్పాలనుకున్నావక్కా?"

అక్క పుస్తకం తీసుకుంది. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

'ఇదే. నా గొంతుతో నీకో ప్రకటన చదివి నిన్ను ఏడిపిద్దామనుకున్నా. అందులో ఆఖరి వాక్యం లేదు.'

మనవాడు దాన్ని రెండుసార్లు చదివాడు. మూడేళ్ళుగా రానందుకు తిట్టాలనో, ఆస్తుల సంగతేదో చెప్పాలనో పిలిచిందనుకున్నాడు. చిన్నప్పటిలా వాణ్ణి ఆటపట్టించి, ఇద్దరూ నవ్వుకుని, ఆ నవ్వుతో లోపలికి పోదామనుకుంది మహాతల్లి. అంతకు మించి ఏమీ అడగలేదు. అది కూడా వాడివల్ల కాలేదు. మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తప్పయిందక్కా అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు గాని, సగం మాటలు దుప్పటిలోకే పోయాయి.

అక్క వాడి తల మీద ఒక మొట్టికాయ వేసింది. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచింది. పది రోజులు ఇక్కడే ఉంటానని, బావని పగలు పనికి పొమ్మనమని, ఎవరితో ఏం మాట్లాడాలన్నా రాసిస్తే తనే చదివి పెడతానని మనవాడు చెప్పాడు. అక్క నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. కంటపడేదాకా చూద్దామన్నట్టు ఒక చూపు చూసి, నోటు పుస్తకం మళ్ళీ వాడి చేతిలో పెట్టి రెండు వేళ్ళు చూపించింది.

మనవాడికి అర్థమైంది. ఏ ప్రకటనైనా రెండుసార్లు చదవాలి.

లేచి నిలబడ్డాడు. ఈసారి తొందరపడకుండా, అక్క మైకు ముందు చదివినట్టే ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. మొదటి వాక్యం అయింది. వార్డులో మళ్ళీ కాస్త నవ్వారు, అక్క పెదాలు కూడా కదిలాయి. నవ్వకూడదని గుర్తొచ్చి బిగించుకుంది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి చాపి ఆ వరస మీద అరచెయ్యి కప్పింది. చాల్లే, అది వద్దు అన్నట్టు తల ఊపింది.

చిన్నప్పటి నుంచి ఎవరైనా పోనీలే అంటే చాలు, మనవాడు అక్కడితో వదిలేసే మనిషి. ఇవాళ ఆ చేతిని మెల్లగా పట్టుకుని పక్కకి జరిపాడు. జరిపి, ఆఖరి వాక్యం కూడా పైకి చదివాడు. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.